సిరియు భూమియు: బైబిలు బోధను గూర్చి కొంత విచారము

దరిద్రులు లోకమం దెల్లప్పుడు నుందురని క్రీస్తు చెప్పినమాటను ధనవంతులు మిక్కిలి యిష్టముతో నుదాహరింతురు. దారిద్ర్యము దైవసంకల్పమనియు, దానిని మాన్పబూనుట వ్యర్థమనియు వారి తాత్పర్యము. సెక్షనులో సగము చదివి తక్కినది విడుచు వాదము న్యాయవాదులమైన మాకు క్రొత్తది గాదు. క్రీస్తు ఆ మాట నెత్తుకొనినది ద్వితీయోపదేశకాండము పదునైదవ యధ్యాయమునుండి. అచ్చట నది బీదసోదరునియెడ చేయి బిగింపవలదను విధికి హేతువుగా నున్నదేకాని, విధిని కొట్టివేయు మినహాయింపుగా లేదు. అదే యధ్యాయమున కొంచెము పైన, ఈ విధులన్నియు నడపినచో మీలో బీదలే యుండరనియు గలదు.

రాజా రామమోహనరాయలు 1820వ సంవత్సరమున సువార్తలనుండి యేసు నీతిబోధలను వేరుపరచి ప్రకటించిరి. తదాదిగా మనబోటి సంస్కారప్రియులకు బైబిలనగా కొండమీది ప్రసంగమే యన్నంత యభ్యాసమైనది. ఆ మేలు గొప్పదే. కాని మోషే ధర్మశాస్త్రమును జూడక ధనమును గూర్చిన యేసువాక్యములను చదువుట, చట్టమును విప్పక తీర్పును మాత్రము చదివినట్లుండును.

ఆ చట్టము లేవీయకాండము ఇరువదియైదవ యధ్యాయమున నున్నది. భూమి దేవునిది, మనుష్యు లతని యింట నతిథులు. కావున శాశ్వతవిక్రయము చెల్లదు. ఏబదియవ యేట, తెలుగు బైబిలు సునాదసంవత్సరమని పేరిడిన యేట, అమ్మినభూమి తొలివంశమునకు మరలవలెను. వెల యెట్లు కట్టవలెననియు శాస్త్రకారుడు చెప్పినాడు: సునాదమునకు మిగిలిన పంటలెన్నో లెక్కించి యంతకే వెల. అనగా అమ్మకమని పేరేకాని, అది కౌలు. ఈలోపల సమీపజ్ఞాతి విడిపింపవచ్చును. చితికిన సోదరునివద్ద వడ్డీ పుచ్చుకొనరాదు. ప్రాకారముగల పట్టణములోని యింటికి మాత్రము విమోచనావధి యొక్కయేడే. ప్రాకారము లేని పల్లెలోని యిల్లు పొలముతో సమానము. ఇందు ఒకడు భాగ్యవంతుడగుటకు నిషేధము లేదు. తాత చేసిన యప్పు మనుమని శాశ్వతముగ కూలివానిని చేయరాదనుటయే యిందలి కీలకము. అట్టి సునాదము యథావిధిగా జరిగినట్లు బైబిలు చరిత్రభాగములం దెచ్చటను వర్ణన లేదనుటయు నొప్పుకొనవలసినదే.

1951 ఏప్రిలు నెలలో వినోబాభావే మన శివరాంపల్లి సర్వోదయసమ్మేళనమునకు కాలినడకను వచ్చి, తరువాత ఆ నెల 18వ తేదీన పోచంపల్లి చేరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరము లిచ్చిరి. ఆ యుదారతకు మేము చేతులు జోడింతుము. అయినను దానము దాత హృదయము కరగువరకు వేచియుండును, లేవీయకాండము వేచియుండదు. అందు బీదవాడు యాచకుడు గాడు, హక్కుదారుడు.

మన దేశమున నా శాస్త్రమునకు మిక్కిలి సమీపమైనది 1977వ సంవత్సరపు అసైన్డు భూముల అన్యాక్రాంత నిషేధచట్టము. నిరుపేదకు ప్రభుత్వమిచ్చిన భూమిని, మనవైపు వాడుకలో లావణిపట్టా భూమిని, అమ్మిన నమ్మకము చెల్లదు. భూమి మరల పట్టాదారునకు చేరవలెను. ఇది చదివి సంతోషించువారు, తరువాతి కథయు వినవలెను.

మేము వృత్తియందు ప్రవేశించిన తొలియేండ్లలో, 2006 ప్రాంతమున, మోకిల చేరువ పల్లెనుండి యొక వృద్ధుడు మా యొద్దకు వచ్చెను, కొనువాడే తీసికొనివచ్చెను. రెండెకరముల లావణిపట్టా. రిజిస్ట్రేషను కాదు గనుక, తొంబదితొమ్మిదేండ్ల కౌలని పేరుపెట్టి కాగితము వ్రాసి నోటరీ చేయించితిమి. పేరు మార్చినంతమాత్రమున దోషము పోదని మాకు దెలియును. "గీ కాయితం మీద ఏలుముద్ర ఏస్తే నా బిడ్డ పెండ్లయితది గద సారూ" అని యాతడడిగెను. అగునంటిమి, ఫీజు పుచ్చుకొంటిమి.

నాబోతు కథ మాకప్పటికే తెలిసినదే. అహాబురాజు ద్రాక్షతోటను మొదట దోచుకొనగోరలేదు. అంతకంటె మంచితోటగాని, సరియైన వెలగాని యిచ్చెదననెను. పితృస్వాస్థ్యమని నాబోతు కాదనగా, రాణి యెజెబెలు రాజముద్రతో జాబులంపెను. సభ కూడినది, శాస్త్రము కోరిన యిద్దరు సాక్షులు నిలిచిరి, పిమ్మటనే రాళ్లు రువ్విరి. విధానమున నొక్క లోపము లేదు. ఆ జాబులు వ్రాసిన లేఖకునిపేరు గ్రంథమున లేదు గాని, ఒకడుండియే యుండును.

సదుద్దేశముతోనైనను ఇట్టివి జరుగును. ఏడవయేట అప్పులు విడువవలెనను విధికి వెరచి ధనికులు అప్పిచ్చుట మానగా, హిల్లేలు పండితుడు అప్పులను న్యాయసభ కొప్పగించు పత్రము నేర్పరచెను. సభపరమైన యప్పునకు విడుదల తగులదు. బీదవానికి అప్పు పుట్టినది. ఏడవయేటి విడుదల పోయినది. హిల్లేలును మేము నిందింపము. కరుణచేత నాతడును, ఫీజుచేత మేమును చేసిన పని యొక్కటి గాదు.

ఇప్పుడు సువార్తలకు వత్తము. యేసు పలికిన మామోను అను అరమేయిక పదమునకు తెలుగు బైబిలు సిరి యని వ్రాసినది. సిరిసంపదలు కలుగుగాక యని దీవించు మన చెవికి, సిరిని దేవునికెదురు యజమానిగా నిలుపుట కటువుగనే యుండును. అయినను యేసు అందరకు నొకే శాసనము చేయలేదు. యౌవనుడగు ధనికుని సర్వము నమ్మి బీదల కిమ్మనెను. యెరికో సుంకరి జక్కయ్య తన యాస్తిలో సగము బీదల కిచ్చి, అన్యాయముగ గొనినదానికి నాలుగింత లిత్తుననగా, అంతటితో సంతుష్టుడయ్యెను. నాలుగింతలనునది భిక్షాప్రమాణము గాదు. గొఱ్ఱెను దొంగిలినవానికి మోషే విధించిన దండుగ. తన వసూళ్లలో నన్యాయపు భాగమునకు దొంగతనపుపేరే తగునని జక్కయ్య యొప్పుకొనెను. లాజరు కథలోని ధనికునిపై దొంగతనము మోపబడలేదు. గేటుకడ నొకడు పడియుండెను, ఆతడు లోపల భుజించుచుండెను. ఫిర్యాదులో నంతకంటె లేదు.

2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధిసంస్థ మోకిలలో స్థలములను వేలము వేయగా, గజమునకు 25,000 రూపాయలతో మొదలైన పాట లక్ష దాటెను. ఆ వార్త చదివిననాడు మేము బీరువానుండి పాతకాగితపు నకలు తీసితిమి. రెండెకరములనగా 9,680 గజములు. అందుల కాతనికి ముట్టిన మొత్తము ఆ లక్షధరను పదిగజముల వెలకును చాలదు. ఆతని నంతకు కొంతకాలము ముందే యొక వెంచరు గేటుకడ కావలిబల్లపై జూచియుంటిమి. లేచి నమస్కారము చేసెనేకాని నిందింపలేదు.

మొన్న నాతనియొద్దకు మరల పోతిమి. 1977 చట్టముక్రింద భూమిని తిరిగి యిప్పింపుమని తహశీలుదారునకు అర్జీ పెట్టవచ్చునని చెప్పితిమి. బిడ్డ నడిగి చెప్పెదననెను. ఆతడు సరేనన్నచో, ఆ యర్జీకి సాక్ష్యముగ మేము వ్రాసిన కాగితమునే జతపరుపవలసియున్నది.