నేల చదును, మట్టి నింపుట: గ్రామసభ చెప్పవలసిన మాట

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములు మెట్టసీమలు. పూర్వపు ఈ రెండు జిల్లాలు 2016లోను, 2019లోను పలు జిల్లాలుగా ఏర్పడినవి. కాని నేల స్వభావము, వాననీటి నడక మారలేదు. అడుగున రాయి, పైన పలుచని చెల్క, దుబ్బ నేలలు. ఇట్టి చోట కురిసిన నీరు నిలువదు, పల్లమునకు పరుగెత్తును. ఆ పరుగును ఆపి దాచుకొనుటకే మన పెద్దలు చెరువులు కట్టిరి. నల్లగొండ చెంతనున్న పానగల్లు ఉదయసముద్రము కందూరు చోడుల నాటిది. నేటికిని అది జలాశయముగా ఉపయోగపడుచున్నది.

మన చెరువులు గొలుసుకట్టుగా ఉన్నవి. ఒర్రె కుంటలో పడును, కుంట నిండి అలుగు పారిన నీరు క్రింది చెరువును చేరును. కనుక ఒక గ్రామమున ఒర్రె పూడిన, దాని ఫలితము వేరొక గ్రామపు ఆయకట్టులో కనబడును.

మట్టి పోసిన నీరు ఎటు పోవును?

హైదరాబాదు నుండి విజయవాడకు, బెంగుళూరుకు, శ్రీశైలమునకు పోవు రహదారుల వెంట సాగుభూములు ఇండ్ల స్థలములుగా మారుచున్నవి. గుట్టను తవ్వి మొరము తెచ్చి, పల్లమును నింపి నేలను చదును చేయుచున్నారు. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసినచో సుమారు లక్ష లీటర్ల నీరగును. పది ఎకరముల మీద పది లక్షల లీటర్లు! ఒర్రెను పూడ్చిన మాత్రమున ఈ నీరు మాయము కాదు. అది పొరుగువాని చేలోనికో, ఊరి వాడలోనికో దారి తీయును. క్రింది కుంట మాత్రము ఎండును.

అన్ని చదునులును కీడు కావు. చేనికి గట్లు వేసి వాలును తగ్గించిన తేమ నిలుచును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము క్రింద చెరువుల పూడికమట్టిని రైతులు తమ చేలకు తోలుకొనిరి; చెరువు లోతయ్యెను, చేను బలపడెను. మట్టి ఎక్కడి నుండి ఎక్కడికి పోవుచున్నది, నీటికి దారి మిగిలినదా అనునవియే విచారింపవలసిన విషయములు.

ఉన్న నిబంధనలు

కట్టలు, రోడ్లు, రైలుమార్గములు, భవనముల నిర్మాణములో నింపుటకు, చదునుకు వాడు సాధారణ మట్టిని కేంద్ర ప్రభుత్వము 2000 ఫిబ్రవరిలో చిన్నతరహా ఖనిజముగా ప్రకటించినది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002 నాటి వాల్టా చట్టము కలదు. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి పట్టణములకును, మాస్టర్ ప్లాను పరిధిలోని గ్రామములకును వర్తించును. దాని ప్రకారము పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు ఎడము విడువవలెను. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగునకు 9 మీటర్లు, అంతకు లోపలి దానికి 2 మీటర్లు విడువవలెను.

ప్రజాభిప్రాయము నామమాత్రము కాదు

రోడ్లు, గొట్టపుమార్గములు మొదలగు పనులకు మట్టి తవ్వుటకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కరలేదని కేంద్రము 2020 మార్చిలో ప్రకటించినది. అప్పుడు ప్రజల అభ్యంతరములను కోరలేదు. ఎంత మట్టి, ఎంత విస్తీర్ణము అను హద్దును లేదు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసినది. ప్రజలను అడుగకుండుటకు తగిన కారణము చూపలేదనుట ఆ తీర్పులోని ముఖ్యాంశములలో ఒకటి. అదే సంవత్సరము ఆగస్టులో మన రాష్ట్రమున భూహక్కుల చట్టపు ముసాయిదాను ప్రజల ముందుంచి సూచనలు కోరిరి. 2025 ఏప్రిల్ 14 నుండి భూభారతి చట్టము అమలులోనికి వచ్చినది.

భూమి అభివృద్ధి, నేల పరిరక్షణ, చిన్ననీటి వనరులు రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలులో పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుగవలెను. నిబంధనల మార్పుపై అభిప్రాయము కోరినప్పుడు పలుకవలసిన చోటు ఇదియే.

సభ్యులు చేయవలసిన పనులు

1. గ్రామ నక్షాను ముందుంచుకొని ఒర్రెలు, కాలువలు, కుంటలు, అలుగులను గుర్తించి, ఒకసారి కాలినడకన చూచి రావలెను. నక్షాలో లేక నేలపై ఉన్నవానిని వేరుగా వ్రాయవలెను.

2. వాన నీరు ఏ సంవత్సరము ఎంతవరకు వచ్చెనో వృద్ధులను, నీరటివారిని అడిగి తెలిసికొనవలెను.

3. ముసాయిదాను సభలో తెలుగున చదివి వినిపింపవలెను. ఎగువ, దిగువ గ్రామముల వారి మాటయు వినవలెను.

4. అభిప్రాయము స్పష్టముగా ఉండవలెను. “మట్టి పోయరాదు” అన్నచో ప్రయోజనము స్వల్పము. “ఫలానా సర్వే నంబరులోని ఒర్రెకు ఇంత వెడల్పు దారి విడువవలెను, రోడ్డు వేసినచో దాని క్రింద ఇంత తూము ఉండవలెను” అన్నచో అధికారులు పరిశీలింప వీలగును.

5. తీర్మానమును పుస్తకమున వ్రాసి, గడువులోగా పంపి, రశీదు భద్రపరచవలెను.

ఇంకొక మాట. తన రెండెకరముల చేను చదును చేసికొను చిన్న రైతును, వందలాది లారీల మొరము తోలించు వ్యాపారిని ఒకే గాట కట్టరాదు. రైతు ప్రతి గట్టుకును కచేరి చుట్టు తిరుగవలసిన నిబంధన మేలు కాదు. పల్లపు స్థలమున ఇల్లు కట్టుకొను పేదవానికి ఎంత ఎత్తు లేపవచ్చునో, నీటిని ఎటు విడువవలెనో ముందే తెలిసియుండవలెను. ఈ భేదమును చెప్పగలవారు ఊరిని ఎరిగినవారే. అడిగిన నాడు మౌనము వహించి, వరద వచ్చిన పిమ్మట వగచిన ఫలమేమి? రానున్న గ్రామసభలోనే నక్షాను విప్పుదము.