గుంటూరు తీసుకెళ్తే నాన్న దక్కేవారా?

ప్రశ్న: మాది పిడుగురాళ్ల. నాన్న సున్నపు బట్టీ దగ్గర కుప్పకూలారు. ఆటోలో ఆస్పత్రికి చేర్చాం. ఎమర్జెన్సీలో చాలాసేపు ఛాతీ నొక్కినా దక్కలేదు. ఛాతీ నొప్పితో నడిచి వచ్చిన ఇంకొకాయన అక్కడే గుండె ఆగి కూడా బతికారు. మేం నేరుగా గుంటూరు వెళ్లాల్సిందా?

జవాబు: లేదమ్మా, ఆ భారం మోయకండి. ఆగిన గుండెతో గంటకు పైగా ప్రయాణం అంటే ఉన్న కాస్త ఆశా పోయేది. నడిచి వచ్చిన ఆయన గుండె డాక్టర్ల కళ్లెదుటే ఆగింది, గుండెకిచ్చే విద్యుత్ షాక్ వెంటనే అంది ఉంటుంది. ఎవరూ ఛాతీ నొక్కకపోతే షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అలా ఆలస్యమై ఈసీజీలో గీత చదునైపోతే షాక్ పనిచేయదు, ఛాతీ నొక్కుతూ అడ్రినలిన్ ఇవ్వడమే మిగులుతుంది.

గుండె తిరిగి కొట్టుకున్నా గండం గడిచినట్టు కాదు. నటుడు తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో కుప్పకూలారు. గుండె మళ్లీ కొట్టుకుంది, కానీ మెదడు దెబ్బతింది. ఫిబ్రవరి 18న బెంగళూరులో కన్నుమూశారు.

బట్టీల్లో అందరికీ సీపీఆర్ నేర్పాలని నా గట్టి కోరిక. మనిషి పలక్కపోతే, ఊపిరి సరిగా లేకపోతే 108కు ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ఎగశ్వాసను చూసి ఊపిరి ఉందనుకుని చాలామంది ఆగిపోతారు. ఆగకూడదు.

నాన్నకు ఇలా జరిగింది కాబట్టి మీరూ మీ తోబుట్టువులూ బీపీ, షుగర్, ఈసీజీ పరీక్షలు చేయించుకోండి.