బండి ఆగిన రోజుల లెక్క



అల్లుడూ, ఉద్యోగం మానేసి, స్నేహితుడితో కలిసి ఫైనాన్స్‌లో టెంపో ట్రావెలర్ తీసుకుంటావట. విశాఖ నుంచి అరకు ట్రిప్పులు తిప్పుతావట, అరకులో నాలుగు గదులు లీజుకు కూడా చూస్తున్నావట. మీ అమ్మ చెప్పింది, నువ్వు వేసిన లెక్కల కాగితం కూడా పంపింది. వద్దనడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. సముద్రం దగ్గర టిఫిన్ చేసినవాడు మధ్యాహ్నానికల్లా కాఫీ తోటల మధ్య నిలబడగలిగే చోటు మనకు ఉంది. దాని మీద బతకాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ ఆ కాగితంలో పన్నెండు నెలలకూ ట్రిప్పులు రాశావు. ఒక్క నెల ఎదురుగా కూడా సున్నా లేదు. 2020లో ఈ పనిలో ఉన్నవాళ్లకు వరసగా సున్నాలే వచ్చాయి. అప్పుడు నువ్వు ఇంటర్ చదువుతున్నావు, నీకు ఆన్‌లైన్ క్లాసులు గుర్తుంటాయి. స్టాండులో నిలబడిపోయిన బండ్ల సంగతి గుర్తుండదు.

ఆ ఏడాది మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. రెండు వారాలు తిరిగేసరికి మన దేశంలో ప్రయాణమన్నదే లేకుండా పోయింది. 13 నుంచి పర్యాటక వీసాలు చెల్లలేదు. 17న తాజ్‌మహల్ మొదలు చార్మినార్, గోల్కొండ దాకా కేంద్ర పురావస్తు శాఖ కట్టడాలన్నీ మూతపడ్డాయి. 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. 22న జనతా కర్ఫ్యూ, ఆ రోజు నుంచే ప్రయాణికుల రైళ్లు బంద్. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. మొదట చెప్పింది 21 రోజులే. దేశంలో తిరిగే విమానాలు రెండు నెలల తర్వాత, మే 25న లేచాయి. మామూలు అంతర్జాతీయ సర్వీసులు రావడానికి 2022 మార్చి 27 దాకా పట్టింది. తాజ్‌మహల్ 188 రోజులు మూసి ఉంది. సెప్టెంబరు 21న తెరిచాక కూడా రోజుకు 5 వేల మందినే లోపలికి పంపారు.

అన్నిటికన్నా ముందు ప్రయాణాన్నే ఎందుకు ఆపుతారంటే, జబ్బు మనిషి నడిచే దారిలోనే నడుస్తుంది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి రైలు మార్గాల వెంట దేశమంతా పాకింది. కోటి మందికి పైగా చనిపోయారని అంచనాలు. వందేళ్ల తర్వాత ఓడల స్థానంలో విమానాలు వచ్చాయి, అంతే తేడా. కాబట్టి మళ్లీ ఎప్పుడు ఏ మహమ్మారి వచ్చినా మొదట ఆగేది నీ బండే. ఇది నీకు జరిగే అన్యాయం కాదు, ఆ పని స్వభావమే అంత.

తిరుపతి సంగతి చూడు. మామూలు రోజుల్లో కొండ మీద రోజుకు 60 వేల మందికి పైగా దర్శనం చేసుకుంటారు. వాళ్ల చుట్టూ ఘాట్ రోడ్డు జీపులు, లాడ్జీలు, పూల కొట్లు, బొమ్మల అంగళ్లు, టీ బండ్లు, ఒక ఊరికి ఊరే బతుకుతుంది. దర్శనాలు ఆగిన రోజు వీళ్లెవరికీ ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, కానీ అందరి పనీ ఆగింది. జూన్ 11న సామాన్య భక్తులకు తలుపులు తెరిచినప్పుడు రోజుకు 6 వేల మందినే అనుమతించారు. జూలై మధ్యకల్లా అర్చకులతో సహా ఆలయ సిబ్బందిలో 140 మందికి వైరస్ సోకింది. అధిక మాసం వల్ల ఆ ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ ఏకాంతంగానే చేశారు, మాడవీధుల్లో వాహన సేవ లేదు. ఏడాది మొత్తానికి సరిపడా సంపాదించుకునే తొమ్మిది రోజులు రెండు విడతలు వచ్చి వెళ్లిపోయాయి, అంగడి ముందు మనిషి లేడు. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: ‘తెరిచారు’ అన్న వార్త వచ్చిన రోజున ఆదాయం రాదు. తలుపు తెరవడానికీ జనం రావడానికీ మధ్య నెలలుంటాయి. కిస్తీ మాత్రం ఆ నెలల్లోనూ వస్తుంది.

మన రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులనే తీసుకో. మార్చిలో ఆగిన బస్సులు మళ్లీ కదిలింది నవంబరు 2న. జబ్బు ఒక్కటే కారణం కాదు, ఎవరి బస్సులు ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్న ఒప్పందం కుదరక ఆలస్యమైంది. ఆ దసరాకి హైదరాబాద్ నుంచి బయల్దేరినవాళ్లు సరిహద్దు దాకా ఒక బస్సులో వచ్చి, సామాన్లు మోసుకుంటూ అటు దాటి, ఇంకో బస్సు ఎక్కారు. మహమ్మారి పాత తగాదాలను కూడా పైకి తెస్తుంది. జబ్బు తగ్గిందని ప్రయాణం వెంటనే మొదలవదు.

దేశం మొత్తం మీద ఎంతమంది పనులు పోయాయో కేంద్ర పర్యాటక శాఖ కోసం ఎన్‌సీఏఈఆర్ సంస్థ లెక్క కట్టింది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లోనే ఈ రంగంలో నేరుగా ఉన్న ఉద్యోగాల్లో 1 కోటి 45 లక్షలు పోయాయి. తర్వాతి మూడు నెలల్లో 52 లక్షలు, ఆపై మూడు నెలల్లో 18 లక్షలు. మహమ్మారికి ముందు ఈ రంగంలో నేరుగా ఉన్నవి సుమారు 3 కోట్ల 48 లక్షలు. నలుగురు వరసగా నిలబడి ఉంటే మొదటి దెబ్బకే ఒకరికి మించి వరస లోంచి వెళ్లిపోయారన్నమాట. వాళ్లలో వెయిటర్లున్నారు, గైడ్లున్నారు, దుప్పట్లు ఉతికేవాళ్లున్నారు, నీలాంటి ఆలోచనతోనే కొత్తగా బండి కొన్నవాళ్లూ ఉన్నారు.

ఇక నీ లెక్కల్లోకి వస్తాను. ఈ వ్యాపారంలో నువ్వు అమ్మేది సీటు, గది. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు రెండుసార్లు అమ్మలేవు. అరకు గిరిజన రైతు పరిస్థితి వేరు. అక్కడ కాఫీ కోత నవంబరు నుంచి సాగుతుంది, కాబట్టి 2020 లాక్‌డౌన్ వచ్చేసరికి ఆ ఏడాది పంట చెట్టు దిగిపోయింది. సంతలు మూతపడ్డా ఎండబెట్టిన గింజ పాడవదు, అదే నీడలో మిరియాల తీగ కూడా ఉంటుంది. సీజన్‌లో బొంగు చికెన్ అమ్మి, థింసా ఆడి, ఇంటికి వెళ్లి కాఫీ పండ్లు కోసే కుటుంబానికి టూరిస్టు రాకపోతే ఒక ఆదాయమే పోతుంది. టూరిస్టు తప్ప మరేమీ లేనివాడికి అంతా పోతుంది. నీకూ రెండో ఆదాయం ఉండాలి. అదే బండిని వారంలో నాలుగు రోజులు ఏదైనా ఫార్మా కంపెనీ ఉద్యోగుల షిఫ్టులకో, స్కూలుకో కాంట్రాక్టు మీద తిప్పగలవా? లాక్‌డౌన్‌లో మందుల తయారీ ఆగలేదు, స్కూళ్లు మాత్రం నెలల తరబడి మూసే ఉన్నాయి. ఆ రెండింట్లో ఏది ఎంచుకోవాలో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

అప్పు గురించి గట్టిగా చెప్పాలి. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు కిస్తీలు వాయిదా వేసుకోవచ్చంది, ముందు మే నెలాఖరు దాకా, తర్వాత ఆగస్టు దాకా. చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. కట్టాల్సిన తేదీ జరిగింది గానీ వడ్డీ ఆగలేదు. 15 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకో, ఆరు నెలలకు 82,500 రూపాయలు అదనంగా నెత్తిన పడుతుంది, బండి ఒక్క కిలోమీటరు తిరగకుండానే. వడ్డీ మీద వడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2021 మార్చి వచ్చింది. అసలు వడ్డీ మాత్రం ఎవరికీ తప్పలేదు. అందుకని కొత్త బండి వద్దు. అయిదేళ్లు తిరిగిన మంచి బండి చూడు, సగానికి పైగా డబ్బు చేతి నుంచి పెట్టు. ఆరు కిస్తీల సొమ్ము ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఉంచలేనంత కాలం బండి కొనకు. నీ స్నేహితుడికి ఈ మాట నచ్చకపోతే అది ఇప్పుడే తెలియడం మేలు.

కాగితాల విషయంలో బద్ధకించకు. కష్టకాలంలో సాయం అవసరమున్న వాళ్లందరికీ అందలేదు, రికార్డులో పేరున్న వాళ్లకే అందింది. 2020 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాహనమిత్ర కింద 2 లక్షల 62 వేల మందికి తలా 10 వేలు వేసింది. అది సొంత ఆటో, సొంత ట్యాక్సీ నడుపుకునే వాళ్లకు. పరాయి బండి మీద జీతానికి నడిపిన డ్రైవరు కూడా అదే స్టాండులో ఖాళీగా కూర్చున్నాడు, కానీ ఆ జాబితాలో అతని పేరు లేదు. 2021 జూన్ 28న కేంద్రం గైడ్లకు లక్ష దాకా హామీ రుణం ప్రకటించింది. గుర్తింపు కార్డున్న 10,700 మంది ప్రాంతీయ గైడ్లకు, రాష్ట్ర ప్రభుత్వాలు గుర్తించిన గైడ్లకు అది. కోట గోడల దగ్గర ఏళ్ల తరబడి కథలు చెప్పి బతికి, కార్డు లేనివాళ్లు ఎందరో. ఈఎస్ఐ ఉన్న హోటల్ ఉద్యోగి పని పోతే సగటు వేతనంలో సగం చొప్పున 90 రోజుల దాకా భృతి కోరగలిగాడు. అదే వంటగదిలో లెక్కకెక్కని కుర్రాడికి అదీ లేదు. కాబట్టి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, బ్యాంకు ద్వారానే లావాదేవీలు, ఏటా ఆదాయపు పన్ను రిటర్ను, ఇవన్నీ మొదటి నెల నుంచే ఉండాలి. నువ్వు పెట్టుకునే డ్రైవర్‌ను ఇ-శ్రమ్‌లో నమోదు చేయించు, అతని జీతం ఖాతాలో వెయ్యి. నీ బండి ఆగినప్పుడు అతని ఇల్లు కూడా ఆగుతుందని నువ్వు మరిచిపోకూడదు.

అడ్వాన్సుల దగ్గర మరో ప్రమాదం ఉంది. లాక్‌డౌన్ రాగానే టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు డబ్బు వెనక్కి అడిగారు. విమాన సంస్థలు నగదుకు బదులు తర్వాత వాడుకునే క్రెడిట్ ఇచ్చాయి. మధ్యలో చిన్న ఏజెంట్లు నలిగిపోయారు, కస్టమర్ ఇంటి తలుపు కొడుతున్నాడు, డబ్బేమో పైన ఇరుక్కుంది. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక గాని దారి దొరకలేదు. ప్రయాణం జరిగే రోజు దాకా అడ్వాన్సు నీ డబ్బు కాదు. దానితో డీజిల్ కొట్టించినా, కిస్తీ కట్టినా నువ్వు వాళ్ల దగ్గర అప్పు చేసినట్టే.

గదుల లీజు మాట అసలే వద్దు. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనేతరులకు భూమి, ఇల్లు బదిలీ కాకుండా 1/70 చట్టం కాపాడుతోంది. లీజు కూడా ఆ బదిలీ కిందికే వస్తుంది. ‘అందరూ చేస్తున్నారు’ అని ఎవరో చెబితే దిగకు. ఆ చట్టం లేకపోతే ఆ కొండల్లో గిరిజనులకు జాగా మిగిలేది కాదు. దానికి బదులు అక్కడ సొంత ఇంట్లో హోమ్‌స్టే నడుపుతున్న గిరిజన కుటుంబాలతో మాట్లాడు. అతిథిని పంపిన రోజుకు నీ కమిషన్, వాళ్లకు వాళ్ల అద్దె. జనం రాని నెలలో నీకు అద్దె భారం ఉండదు, వాళ్ల ఇల్లు వాళ్ల చేతిలోనే ఉంటుంది. చట్టం ప్రకారమూ, మహమ్మారి లెక్క ప్రకారమూ ఇదే సరైన దారి.

ఇంకొకటి. 2020లో ఊరి పొలిమేరలో కంపలు, దుంగలు అడ్డం వేసుకుని ‘ఎవరూ రావద్దు’ అన్న గ్రామాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. అప్పట్లో కొందరికి అది మూర్ఖత్వంగా కనిపించింది. ఆక్సిజన్ కావాలంటే గంటల కొద్దీ ఘాట్ దిగాల్సిన ఊళ్లకు అంతకన్నా తెలివైన రక్షణ ఏముంటుంది? ఎప్పుడైనా ఆ ఊరివాళ్లు బండి ఆపమంటే వాదించకుండా తిప్పు. నీ సీట్లలో దగ్గుతున్న మనిషి ఉంటే అదే రోజు డబ్బు తిరిగిచ్చి దించేయ్.

తిరిగి లేచేటప్పుడు ఎవరు ముందు వస్తారో కూడా తెలుసుకో. దేశంలో స్వదేశీ పర్యాటకుల రాకపోకలు 2019లో 232 కోట్లు, 2020లో 61 కోట్లకు పడిపోయాయి, 2023కి 250 కోట్లు దాటాయి. విదేశీయులు 2019లో 1 కోటి 9 లక్షల మంది వస్తే 2021లో 15 లక్షల మందే వచ్చారు, 2023లో కూడా పాత సంఖ్యను అందుకోలేదు. మధ్యలో 2021 మే 5 నుంచి ఆంధ్రలో రోజూ మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ, మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టారు. కోలుకున్నామనుకున్నవాళ్లు రెండోసారి పడ్డారు. నీ బండి చుట్టుపక్కల జిల్లాల కుటుంబాల కోసం తిరగాలి, విజయనగరం, శ్రీకాకుళం, రాజమండ్రి వాళ్ల కోసం. వాళ్లకు నచ్చే ధర, వాళ్లు తినే భోజనం, పెద్దవాళ్లు మెట్లెక్కలేకపోతే కూర్చునే చోటు, ఇవి చూసుకుంటే ముందుగా తిరిగొచ్చేది వాళ్లే.

ఇప్పుడు చేయాల్సిన పని: ఉద్యోగం వదలకుండా ఈ సీజన్ శని, ఆదివారాలు వేరేవాళ్ల బండిలో అరకు వెళ్లిరా. కనీసం అయిదు హోమ్‌స్టేల వాళ్లతో మాట్లాడి కమిషన్ ఎంతో రాసుకో. ఫైనాన్స్ కంపెనీ ఒప్పంద పత్రం నకలు తెచ్చుకో, సంతకం పెట్టకు. లెక్కల కాగితం మళ్లీ వెయ్యి, ఈసారి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ట్రిప్పుల చోట సున్నాలు రాసి కిస్తీ, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్, పన్ను ఎలా కడతావో పక్కన చూపించు. సంక్రాంతికి మీ అమ్మతో కలిసి వచ్చేటప్పుడు ఆ రెండు కాగితాలూ పట్టుకురా, కూర్చుని చూద్దాం. నీ స్నేహితుణ్ని కూడా తీసుకురా, అతనితో మాట్లాడాలి.

ఇట్లు,
మీ మామయ్య