లోపలి గదిలో ఫోను

గంగ భర్త కువైట్‌లో పని చేస్తాడు. గంగ అత్త మంచాన పడింది. ఆమె ఉండే లోపలి గదిలో సిగ్నల్ రాదు. కొడుకు ఇంటర్నెట్ కాల్ చేస్తే మాట తెగిపోతుంది. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

గంగ ఇంటర్నెట్ పరికరం కొనాలనుకుంది.

"తొందరపడకు వదినా. ముందు ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో చూద్దాం" అన్నది పక్కింటి సుజాత.

ఇద్దరూ రెండు కంపెనీల సిమ్‌లతో కిటికీ దగ్గర కాల్ చేసి చూశారు. ఒకదానిలో మాట బాగా వినిపించింది.

గంగ నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకుని దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు చిన్న డాంగిల్ చూపించాడు. ధర తక్కువ.

"దీన్ని దేనికి పెట్టాలి?"

"కంప్యూటర్‌కమ్మా."

గంగ ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకే హాట్‌స్పాట్ పెట్టె అడిగింది. అందులో సిమ్, బ్యాటరీ ఉంటాయి. సిగ్నల్ ఉన్నచోట పెడితే, వైఫై పక్క గదికి అందుతుంది.

"4జి ఉందా? మా సిమ్ పనిచేస్తుందా? వారంటీ ఎన్నాళ్ళు?" గంగ చదివి అడిగింది. రసీదు తీసుకుంది.

రాత్రి 9 గంటలు. కువైట్‌లో అప్పుడు సాయంత్రం ఆరున్నర. పెట్టె కిటికీలో ఉంది. ఫోను అత్త చేతిలో ఉంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న అమ్మా. మంచిగ వినవడుతున్నది."

గుర్తుంచుకోండి: ముఖం కనిపించే కాల్‌కు డేటా ఎక్కువ ఖర్చవుతుంది. మాట కాల్‌కు తక్కువ చాలు. వైఫై పాస్‌వర్డ్ అందరికీ చెప్పకండి.

జవాబు రాయండి:
1. గంగ డాంగిల్ ఎందుకు కొనలేదు?
2. పెట్టెను కిటికీలో ఎందుకు పెట్టింది?
3. మీ ఇంట్లో సిగ్నల్ ఎక్కడ బాగుంది?