నలుగురి సాఫ్ట్‌వేరుకు రూపం దిద్దే పెద్ద ఎవరు?

కంప్యూటరుకు పని చెప్పే ఆజ్ఞల మొత్తాన్ని సాఫ్ట్‌వేరు అంటారని మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. అందులో ‘ఓపెన్ సోర్స్’ అని ఒక జాతి ఉంది. దాని మూలం అందరికీ చూపిస్తారు. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. చాలాచోట్ల ఈ పని చేసేవారికి జీతం ఉండదు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చునేవారూ, మనలాంటి విద్యార్థులూ కలిసి చేస్తారు. కడియం వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. మా నర్సరీల్లో తల్లి మొక్క నుంచి ఎవరు అంటు కట్టుకుపోయినా తల్లి తరిగిపోదు. అయితే ఏ చెట్టును తల్లిగా ఉంచాలన్నది తోటలో ఎవరో ఒకరు తేల్చాలి గదా! ఈ వ్యాసం ఆ తేల్చే మనిషి గురించి.

లెక్క తప్పితే ప్రోగ్రాం ఆగిపోతుంది, తప్పు ఎక్కడుందో వెదికి పట్టుకోవచ్చు. మీట ఎక్కడ ఉండాలి, అక్షరం ఎంత లావుండాలి అనే విషయాలకు అంత తేలికైన పరీక్ష లేదు. అందుచేత అందరికీ అభిప్రాయాలుంటాయి. శుభలేఖకు రంగు ఎంచేనాడు ఇంటిల్లిపాదీ ఎట్లా మాట్లాడతారో ఇక్కడా అంతే.

‘ఓటు వేస్తే సరిపోతుంది’ అంటారు కొందరు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌లో ఓటు సంప్రదాయం గట్టిగా ఉంది. 1998లో వాళ్ళు రాజ్యాంగం రాసుకున్నారు. ఏటా నాయకుణ్ణి సభ్యులే ఎన్నుకుంటారు. 1999లో వాళ్ళ సుడి గుర్తు కూడా పోటీ పెట్టి ఎంచుకున్నదే. గుర్తు అంటే ఒకే బొమ్మ కాబట్టి పోటీ కుదిరింది. ఒక తెర మీద వంద ముక్కలుంటాయి. ముక్కకొక ఓటు వేస్తే చివరికి తయారయ్యేది బొంత!

దీనికి పూర్తి ఎదురు దారి ఉబుంటుది. 2010లో వచ్చిన 10.04 కూర్పులో కిటికీని మూసే, చిన్నది చేసే మీటలను కుడి నుంచి ఎడమకు జరిపారు. వాడేవాళ్ళు గగ్గోలు పెట్టారు. రూపకల్పన మీద మేము ఓట్లు పెట్టం అన్నారు దాని స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్. ఆ మాటలో తప్పేమీ నాకు కనిపించలేదు. కాని మార్పు ముందు వచ్చింది, వివరణ తర్వాత వచ్చింది. అదీ చిక్కు. 2017 అక్టోబరు కూర్పులో ఆ మీటలు మళ్ళీ కుడివైపుకే చేరాయి.

పెద్ద మితిమీరితే ఏం చేయాలి? అంటు కట్టుకుని వెళ్ళిపోవచ్చు. 2011లో గ్నోమ్ వారు తెర రూపాన్ని పూర్తిగా మార్చినప్పుడు, నచ్చనివాళ్ళు పాత గ్నోమ్ 2 నుంచి ‘మాటే’ అనే కొత్త మొక్క తీసుకున్నారు. అది ఇప్పటికీ బతికే ఉంది. ఈ భయం ఉండబట్టే పెద్దకు అధికారం ఇచ్చినా నష్టం తక్కువ.

మన తెలుగుకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు అక్షరానికి కిందా పైనా పెద్దగా చోటు అక్కర్లేదు. మనకు పైన గుడి, ఏత్వం; కింద ఒత్తులు. ‘రాష్ట్రం’ లాంటి మాటలో ఒకే అక్షరానికి రెండు ఒత్తులు. ఇంగ్లీషు కొలతతో వరుసల మధ్య ఖాళీ వదిలితే ఒత్తు సగం తెగుతుంది, లేదా కింది వరుస మీదికి ఎక్కుతుంది. మా నాన్నగారి ఫోనులో ఒక అప్లికేషను ఉంది (పేరెందుకు లెండి), అందులో ‘నష్టం’ కాస్తా ‘నషం’ లాగా కనిపిస్తుంది. యంత్రం లోపల అక్షరాలు సరిగ్గానే ఉంటాయి కాబట్టి ప్రోగ్రాం ఎక్కడా తప్పు చూపించదు. తెలుగు చదివే కన్ను ఒక్కటే పట్టుకోగలదు.

అందుకే ఫాంట్ల కథ చూడమంటాను. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి స్వేచ్ఛగా ఇచ్చారు. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల గారు రూపొందించిన ‘మండలి’ ఫాంటును సిలికానాంధ్ర వారు ఓపెన్ లైసెన్సుతో విడుదల చేశారు. క నుంచి క్ష దాకా తలకట్లు ఒకే వాలులో ఉండాలంటే చెయ్యి ఒకటే ఉండాలి. లైసెన్సు తెరిచి ఉంది కనుక దిద్దే హక్కు మాత్రం అందరిదీ. ఇదే నాకు నచ్చిన ఏర్పాటు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఊరి నర్సరీల వాళ్ళు మొక్కల లెక్కలు తెలుగులో రాసుకోవడానికి ఒక చిన్న సాఫ్ట్‌వేరు చేసి అందరికీ ఇచ్చేద్దామని మా తరగతిలో ఆరుగురం అనుకుంటున్నాం. బాగా ప్రోగ్రాం రాసేవాడే అన్నిటికీ పెద్ద అని మిగతావాళ్ళ మాట. నాకది సమ్మతం కాదు. గట్టి ఇల్లు కట్టే మేస్త్రి ముగ్గు కూడా బాగా వేస్తాడని ఎక్కడుంది? సంగీతం రాసే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేరులోని లోపాలను మార్టిన్ కియరీ అనే ఆయన వీడియోలో ఏకిపెట్టారు. 2019లో ఆయన్నే పిలిచి రూపకల్పన బాధ్యత అప్పగించారు. 2022లో వచ్చిన నాలుగో కూర్పు ఆయన పర్యవేక్షణలోదే. తప్పు కనిపెట్టే కన్ను అంత విలువైనది.

నేను చెప్పే పద్ధతి ఇది. పెద్దరికం కావాలన్న ముగ్గురూ ఒకే తెరను, అంటే లారీకి ఎక్కించిన లోడు లెక్క రాసే తెరను, విడివిడిగా గీయాలి. కడియపులంకలో కళ్ళజోడు పెట్టుకునే ఒక పెద్దాయనకు మధ్యాహ్నం ఎండలో ఫోను ఇచ్చి మనం నోరు మూసుకుని నిలబడాలి. ఆయన వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాట రెండుసార్లు చదివారో రాసుకోవాలి. రెండు రోజుల తర్వాత ముగ్గురూ దిద్దుకొచ్చిన తెరలు మళ్ళీ చూపించాలి. ఆయన ఆగిన చోట్లను ఎవరు బాగా సరిచేశారో వారే పెద్ద. గడువు ఒక్క కూర్పు వరకే. ఏది మార్చినా కారణం ముందుగా కాగితం మీద పెట్టాలి. ఆరుగురిలో నలుగురు కాదంటే ఆ మార్పు ఆగాలి.

పరీక్ష తెరలో ‘నష్టం’, ‘రాష్ట్రం’ అనే రెండు మాటలు తప్పకుండా ఉండాలని పట్టుబట్టాను. దానికి మాత్రం అయిదుగురూ ఒప్పుకున్నారు. మిగతాది సంక్రాంతి సెలవుల్లో తేలుతుంది.