ఐసింగునందు నలుసులు పడకుండుటెట్లు?

గత సంవత్సరము పదవ తరగతివారి వీడ్కోలు సభకై తొమ్మిదవ తరగతి బాలికలు మా పర్యవేక్షణలో ఒక కేకు చేసిరి. కేకు చక్కగా పొంగెను. కాని దానిపై వెన్న ఐసింగు పూయుచుండగా చాకు వెంట కేకు పొడి లేచి, తెల్లని ఐసింగంతయు గోధుమవన్నె నలుసులతో నిండిపోయెను. పూసిన బాలిక కన్నీరు పెట్టుకొని, "నా చెయ్యి మంచిది కాదండీ" అనెను. తప్పు ఆమె చేతిది కాదు. సభావేళ సమీపించినదని, కేకు ఇంకను వెచ్చగా నుండగనే పూయుమని తొందరపెట్టినవారము మేమే. ఆ మాట నాడు పదిమందిలో చెప్పలేకపోతిమి. కావున నేడీ పాఠమును వ్రాయుచున్నాము.

నలుసులు లేచుటకు కారణములు మూడు. మొదటిది వేడి. పిండిలోని గంజి పదార్థము పొయ్యివేడికి ఉడికి మెత్తబడును. చల్లారిన పిమ్మటనే అది గట్టిపడి కేకునకు పట్టు నిచ్చును. కేకులోని వెన్నయు అట్లే చల్లారి బిగియును. రెండవది కోత. చాకుతో కోసిన ముఖమునకు కాలిన పైపొర యుండదు గనుక అచట పొడి సులభముగా రాలును. మూడవది ఐసింగు గట్టిదనము. బిరుసైన ఐసింగు కేకు పైభాగమును అంటి పెల్లగించును.

ఇక చేయవలసిన పద్ధతి:

1. చల్లార్చుట. పొయ్యినుండి తీసిన 10 నిమిషములకు కేకును అచ్చునుండి దింపి, క్రింద గాలి ఆడునట్లు తీగల బల్లపై నుంచవలయును. కనీసము 2 గంటలు కదల్పరాదు. పిమ్మట రిఫ్రిజిరేటరులో 30 నిమిషము లుంచిన ఇంకను మేలు.

2. కోయుట. పైన ఉబ్బిన భాగమును రంపపు పండ్ల చాకుతో, నొక్కక, ముందు వెనుకలకు ఆడించుచు కోయవలయును. కోసిన ముఖమును క్రిందికి త్రిప్పి, అచ్చు అడుగున నున్న నునుపైన ముఖమును పైకి వచ్చునట్లు పెట్టుడు.

3. దులుపుట. పొడిగానున్న మెత్తని కుంచెతో పైభాగమును, ప్రక్కలను, పళ్లెమును మెల్లగా దులుపవలయును.

4. తొలిపూత. 250 గ్రాముల వెన్నకు 500 గ్రాముల పంచదార పొడి చొప్పున గిలకొట్టి, బిరుసుగా నున్న ఒకటి రెండు చెంచాల పాలు కలుపుడు. ఇందులో నాలుగవ వంతు వేరొక గిన్నెలోనికి తీసి, దానితోనే కేకునంతటిని పలుచగా పూయవలయును. ఈ పూతలో నలుసులు కనబడినను చింతలేదు. అవి అందు చిక్కుకొనుటయే మనకు కావలసినది. పొడి అంటిన చాకును పెద్ద గిన్నెలో ముంచరాదు. తరువాత కేకును 20 మొదలు 30 నిమిషముల వరకు రిఫ్రిజిరేటరులో నుంచుడు. వ్రేలితో తాకిన అంటనపుడు పూత ఆరినదని తెలియవలయును.

5. మలిపూత. కడిగి తుడిచిన చాకుతో మిగిలిన ఐసింగును కేకు నడుమ కుప్పగా నుంచి, అంచులవైపునకు నెట్టుచు పోవలయును. చాకు ఐసింగును మాత్రమే తాకవలయును గాని కేకును తాకరాదు. నడుమనడుమ పైకి ఎత్తరాదు.

తొలిపూత యేల యని అడుగుదురేమో. మన తల్లులు ముగ్గు వేయుటకు ముందు వాకిట కళ్లాపి చల్లుట చూడలేదా? ధూళి అణగిననే గాని ముగ్గు నిలువదు. ఇదియు నట్టిదే. ఇంగ్లండులో పండ్ల కేకులకు ఆప్రికాటు జామును వేడిచేసి వడగట్టి ముందుగా పూయుటయు కలదు.

మన ప్రాంతమువారు మరియొక సంగతి గమనింపవలయును. వెన్న 32 మొదలు 35 డిగ్రీల సెల్సియస్ వేడికి కరగును. మన వేసవి మధ్యాహ్నములు అంతకు మించియుండును. కావున ఈ పని తెల్లవారుజామున గాని, రాత్రి గాని చేయుట మంచిది.

ఆ బాలిక యిపుడు పదవ తరగతిలో నున్నది. ఈ మారు వీడ్కోలు ఆమె తరగతికే. సభకు ముందటి దినముననే కేకు చేయించి, తొలిపూత ఆరువరకు మేము కూర్చుండియుందుము. పిమ్మట చాకు ఆమె చేతికే ఇత్తుము.