షిఫ్టులు పోయినా నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మాది జంషెడ్‌పూర్, కద్మా. ఉక్కు కర్మాగారంలో ఏళ్ల తరబడి ఏ, బి, సి షిఫ్టులు చేసి నిరుడు రిటైరయ్యాను. వయసు 61. రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది, పగలంతా కునికిపాట్లు. నిద్రమాత్రలు వాడొచ్చా?
- ఓ పాఠకుడు

జవాబు: మాత్రల జోలికి ఇప్పుడే వెళ్లకండి. వాటితో ఈ వయసులో తూలి పడే ప్రమాదముంది. వారానికో వేళ మార్చుకుంటూ బతికిన ఒంటికి ముందు ఒక్క వేళ అలవాటు చేయాలి. ఎప్పుడు పడుకున్నా సరే, రోజూ ఒకే సమయానికి లేవండి. లేచాక అరగంట జూబ్లీ పార్కులో నడవండి; పొద్దుటి వెలుగు పడితేనే మెదడులోని గడియారం సర్దుకుంటుంది. మధ్యాహ్నం కునుకు 3 గంటలలోపే, 20 నిమిషాలు చాలు. ఆ తర్వాత టీ వద్దు. రాత్రి మెలకువొస్తే ఫోన్ పట్టుకోకుండా, కాసేపు కుర్చీలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కండి.

వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామమూ అవసరమే. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి. గట్టిగా గురక పెడుతున్నారనీ, మధ్యలో ఊపిరి ఆగుతోందనీ ఇంట్లోవాళ్లు అంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించుకోండి.